కుర్చీపనియు చేతిపనియు

"ఉద్యోగం పురుషలక్షణం" అను మాట వినబడని తెలుగిల్లుండదు. సంస్కృతమున ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము. ఆ యర్థమున పొలము దున్నువాడును, కుండ చేయువాడును, పడవ నడుపువాడును ఉద్యోగులే. తెలుగులోనికి వచ్చిన పిమ్మట ఆ మాట క్రమముగ ఇరుకై, నెలజీతము, కుర్చీ, బల్ల, సెలవుచీటి గల పనికి మాత్రమే పేరైనది. పెండ్లిచూపులలో "అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు" అనినచో కార్యాలయమనియే మన మర్థము చేసికొందుము. గుమాస్తా చేయునది ఉద్యోగము. వడ్రంగి చేయునది ఉత్త పని. శ్రమకు రెండు పేర్లు పెట్టుకొన్న మనము, ఆ రెంటియందు దేనిలో తృప్తి కలదని విచారించునప్పుడు పక్షపాతము లేకుండ మాటలాడుట సులభము కాదు.

ఈ విచారణ మాకు తప్పనిసరియైనది ఒక గ్రంథమువలన. మా మిత్రుని కుమారుడు హైదరాబాదునందు ఒక కంప్యూటరు కార్యాలయమున ఆరేండ్లుగ పనిచేయుచున్నాడు. ఆ కొలువు మాని వడ్రంగము నేర్చుకొందునని చెప్పి, తన పక్షమున సాక్ష్యముగ ఒక ఆంగ్లపుస్తకమును తండ్రి చేతిలో పెట్టెను. తండ్రి దానిని మాయొద్దకు తెచ్చి, "ఇది చదివి మావాడికి బుద్ధి చెప్పండి" అనెను. చదివితిమి. బుద్ధి ఎవరికి చెప్పవలెనో చదివినకొలదిని సందేహము హెచ్చినది. అందుచేత ఆ గ్రంథవిచారమును చదువరుల యెదుట పెట్టుచున్నాము.

గ్రంథకర్త మాథ్యూ క్రాఫర్డ్ అను అమెరికనుడు. 2009 లో వెలువడిన ఆ గ్రంథము పేరు "షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్". బడులలో కొయ్యపని, ఇనుపపని మున్నగువానిని నేర్పు తరగతిని వారు షాప్ క్లాస్ అందురు. ఆ తరగతి మనస్సును తీర్చిదిద్దుననుట పేరులోనే యున్న వాదము. ఈతడు పదునాలుగేండ్లు నిండకమునుపే విద్యుత్తు పనివానికి సహాయకుడుగ చేరినవాడు. పిదప భౌతికశాస్త్రము చదివి, షికాగో విశ్వవిద్యాలయమున రాజకీయ తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు. వాషింగ్టనులో ఒక విధానపరిశోధన సంస్థకు అధిపతియై మంచి జీతమునకు కుదిరెను. కాని యచట ముందే నిర్ణయమైన సిద్ధాంతములకు పిదప హేతువులు వెదకి కూర్చుటయే తన పనియని గ్రహించి, ఐదు నెలలకే విడిచిపెట్టెను. వర్జీనియా రాష్ట్రమున రిచ్‌మండు నగరమున మోటారుసైకిళ్లు బాగుచేయు దుకాణము పెట్టుకొనెను. ఆ దుకాణమున తనకు ఎక్కువ ఆలోచన, ఎక్కువ గౌరవము, ఎక్కువ తృప్తి లభించెనని యాతని వాదము.

ఈ వాదమునందు సత్యమెంతో కలదు. దానిని మొదట ఒప్పుకొనుట విమర్శకుని ధర్మము.

కార్యాలయపు పనిని గూర్చి క్రాఫర్డ్ చెప్పిన సంగతులలో మా మనస్సున నాటుకొన్నది ఒకటి. తత్త్వశాస్త్రమున పట్టము పూర్తి కాకమునుపు ఈతడొక సంస్థలో చేరి, పండితపత్రికలలోని వ్యాసములకు సంగ్రహములు వ్రాసెడివాడు. చేరిన క్రొత్తలో దినమునకు 15 వ్యాసములు; ఏడాది తిరుగకమునుపే 28. జ్ఞానముతో కూడిన పనియని చేరినవాడు, ఆ లెక్క తీర్చుటకు చదివినదానిని అర్థము చేసికొనుటయే మానుకొనవలసి వచ్చెను. ఆలోచించినచో లెక్క వెనుకబడును. తలతో చేయు పనియని పేరే కాని, అందు మొదట అడ్డుతగులునది తలయే. మన కార్యాలయములలో ఎవరును చదువని నివేదికలను నెలనెలా వ్రాయువారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

దీనికెదురుగ పనిముట్టు పట్టినవాని స్థితిని ఆయన చూపును. తీగలు సరిగ కలిపినచో దీపము వెలుగును, తప్పినచో వెలుగదు. అచట వాక్చాతుర్యము పనికిరాదు. పై యధికారి మెప్పుతో యంత్రము కదలదు. పని ముగిసినదో లేదో తెలియుటకు మరియొకరి సాక్ష్యమక్కరలేదు. మరియు ఇది బుద్ధిలేని పనియనుకొనుట పెద్ద పొరపాటు. తుప్పుపట్టిన మరను బలముతో త్రిప్పవలెనా, వేడిచేయవలెనా, తొలిచి తీయవలెనా యను నిర్ణయము ఏ గ్రంథమునను లేదు. అది వ్రేళ్లలోను చెవులలోను ఏండ్లతరబడి చేరిన వివేకము. ఒక పాత యంత్రమును విప్పుచు తన కుతూహలముకొలది అవసరమునకు మించి వెదకి, ఆ కాలమంతకును బండి యజమానిని సొమ్మడుగుట న్యాయమా యని యాతడు తన్ను తాను ప్రశ్నించుకొనిన ఘట్టము గ్రంథమునకు నిజాయితీ నిచ్చినది.

ఇంకొక మెప్పు. క్రాఫర్డ్ చేతిపని యంతయు సుఖమని చెప్పలేదు. కర్మాగారములలో ఆలోచనను పనివాని చేతినుండి ఊడదీసి యజమాని గదిలో పెట్టిన చరిత్రను ఆయన యెరుగును. 1911 లో ఫ్రెడరిక్ టేలర్ తన "శాస్త్రీయ నిర్వహణ" సిద్ధాంతమును ప్రకటించెను. 1913 లో ఫోర్డు కార్ల కర్మాగారమున కదలెడు వరుస వచ్చినది. ఒక్కొక్కడు ఒక్కొక్క మరను దినమెల్ల బిగించుచుండవలెను. ఆ పనియందు ఎవరును నిలువనందున, ఆ యేడు 100 మందిని అదనముగ నిలుపుకొనుటకు 963 మందిని చేర్చుకొనవలసి వచ్చెనట. 1914 లో దినమునకు 5 డాలర్ల కూలి ప్రకటించిన పిదపగాని ఆ యోట ఆగలేదు. తృప్తి పోయినచోట దాని వెలను సొమ్ముతో చెల్లింపవలసి వచ్చెనని దీని తాత్పర్యము. ఇదే విభజన నేడు కార్యాలయములలోనికిని ప్రవేశించినదని క్రాఫర్డ్ చెప్పుట సరియైన మాట.

ఇంతవరకు గ్రంథకర్తతో మేము నడిచితిమి. ఇక మా దారి వేరు.

క్రాఫర్డ్ చూపిన నిదర్శనములను జాగ్రత్తగ విడదీసి చూచినచో, తృప్తికి కారణము చేయి కాదు, అసంతృప్తికి కారణము కుర్చీ కాదు. తన పని ఫలము తనకు కనబడుట ఒకటి. ఆ పనిలో తన వివేకమునకు చోటుండుట రెండు. ఈ రెండును దుకాణమున ఆయనకు దొరకినవి, కార్యాలయమున దొరకలేదు. కాని ఇవి కార్యాలయమున దొరకవని నియమమేమున్నది? మేమెరిగిన మండల కార్యాలయపు గుమాస్తా యొకరు, పేరులో ఒక యక్షరము తప్పినందున రెండేండ్లుగ పింఛను నిలిచిపోయిన ఒక వృద్ధురాలి కాగితములను వెదకి సరిచేసి, ఆమె చేతిలో మొదటి నెల సొమ్ము పడిన దినమున ఇంటికి పండుగ చేసికొన్నట్లు వచ్చిరి. ఆయన పట్టినది కలమే. ఫలము కన్నులకు కనబడినది, అంతియే భేదము.

లెక్కలును ఈ మాటనే బలపరచుచున్నవి. డేవిడ్ గ్రేబర్ అను మానవశాస్త్రజ్ఞుడు 2013 లో ఒక వ్యాసమునను, 2018 లో ఒక గ్రంథమునను, నేటి కార్యాలయపు కొలువులలో అనేకములు వానిని చేయువారికే వ్యర్థములుగ తోచుచున్నవని వ్రాసి లోకప్రసిద్ధుడయ్యెను. 2015 లో బ్రిటనునందు జరిగిన ఒక అభిప్రాయసేకరణలో 37 శాతము మంది తమ పని లోకమునకు చెప్పుకొనదగిన మేలు చేయుటలేదని చెప్పిరి. కాని అదే 2015 నాటి ఐరోపా ఉద్యోగస్థితుల సర్వేను మరికొందరు పరిశోధకులు శోధించి, 2021 లో ప్రకటించిన ఫలితము వేరు. తమ పని ఉపయోగము లేనిదనుకొన్నవారు సుమారు 5 శాతమే. వారును కుర్చీలలోని వారే కారు, చెత్త యెత్తువారిలోను ఊడ్చువారిలోను ఆ భావము సగటుకంటె హెచ్చు. లోకమునకు ఇంతకంటె అక్కరకు వచ్చు పని యేది? అయినను చేయువానికి అట్లు తోచుటకు కారణము పనిస్వభావము కాదనియు, పై వారు చూచు చూపు, పెట్టు నిర్బంధము, చేయు అవమానము అనియు వారి నిర్ణయము. పని వ్యర్థమగుటయు, పనివానిని వ్యర్థునిగ చూచుటయు రెండు వేరువేరు రోగములు. క్రాఫర్డ్ మొదటిదానికే మందు వ్రాసెను.

రెండవదానిని ఆయన ఏల చూడలేదో ఊహించుట కష్టము కాదు. ఆయన దుకాణములోనికి తలుపు తెరచుకొని తానే ప్రవేశించెను. బయటికి పోవుటకును ఆ తలుపు తెరచియే యుండెను. డాక్టరు పట్టము గోడకు వ్రేలాడుచుండగా నూనెచేతులతో నిలుచుట ఒక సంగతి. ఆ నూనెచేతులతోనే పుట్టినావు, వానితోనే చావుమని విధింపబడుట మరియొక సంగతి. తృప్తికి మూడవ కారణమైన స్వేచ్ఛ ఆయనకు ఊపిరివలె సహజముగ దొరకినందున, దానిని గూర్చి వ్రాయవలెనని తోచినట్లు లేదు.

మన దేశమున ఆ తలుపు తెరచియుండలేదు. కుమ్మరి కొడుకు సారె వద్దను, సాలె కొడుకు మగ్గపు గుంటలోను, కమ్మరి కొడుకు కొలిమి వద్దను పుట్టుకతోనే కూర్చుండవలసి వచ్చెను. 1936 లో అంబేద్కరు తన కులనిర్మూలన గ్రంథమున ఈ మర్మమునే విప్పిచెప్పెను. కులవ్యవస్థ పనిని విభజించుటతో ఆగక పనివారినే విభజించినదనియు, ఇష్టమును సామర్థ్యమును విచారింపక పుట్టుకనుబట్టి పని కట్టబెట్టినచోట మనిషి మనస్సు ఆ పనిలో నిలువదనియు ఆయన వాదించెను. పనిలో తృప్తిని గూర్చి క్రాఫర్డుకు డెబ్బదేండ్లకు మించి ముందు పుట్టిన వాదమిది. పైగా దుకాణపు తలుపు లోపలివైపునుండి చూచి చేసిన వాదము.

చేతిపనికి గౌరవము తెచ్చుటకు మన పెద్దలు చేసిన యత్నములలోను ఈ భేదమే నిలిచి కనబడును. 1937 లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీము, పిల్లలందరు ఏదో యొక చేతిపని ద్వారమున చదువు నేర్చుకొనవలెనని కోరినది. 1953 లో మదరాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామములలోని ప్రాథమిక పాఠశాలలకు తెచ్చిన పథకము వేరు. దాని ప్రకారము పిల్లలు సగము పూట బడిలోను, మిగిలిన పూట తండ్రి చేయు పనిలోను గడుపవలెను. ఆనాటికి మన యాంధ్ర జిల్లాలు మదరాసు రాష్ట్రమునుండి ఇంకను విడిపోలేదు. కులవిద్యయని దానికి పేరుపెట్టి పెరియారు మొదలగువారు తీవ్రముగ ఎదిరించిరి. 1954 లో రాజాజీ పదవి విడువగా, తరువాత వచ్చిన కామరాజు దానిని ఎత్తివేసెను. చేతిపనిని కొనియాడు మాటలు రెండు పథకములలోను ఒక్కటే. ఒకటి ప్లీడరు కొడుకును గూడ రాట్నము వద్ద కూర్చుండబెట్టినది. మరియొకటి చాకలి కొడుకును రేవునకే త్రిప్పిపంపినది. చేతిపనిని పొగడు ప్రతి గ్రంథమును ఈ గీటురాతిపై గీచి చూడవలెను: పొగడువాడు ఎవరి బిడ్డను ఆ పనికి పంపుచున్నాడు?

చేతిపనులన్నియు ఒక్కటి కావనుటయు మరువరాదు. మురుగుగుంటలోనికి మనిషిని దింపుట 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను దిగి ఊపిరాడక చచ్చినవారి వార్తలు పిదపను వచ్చుచునే యున్నవి. అదియు చేతిపనియే, ఫలము కన్నులకు కనబడునదే, ఊరి యారోగ్యము దానిపైననే నిలిచియున్నది. దానియందు ఆత్మసంస్కారము కలదని ఎవడు చెప్పగలడు? కోలారు బంగారుగనుల యూర ఆ పనివారి కుటుంబమునందే పుట్టిన బెజవాడ విల్సన్, ఆ పనిని తుదముట్టించుటకే తన జీవితమును వినియోగించి 2016 లో మెగసెసే పురస్కారము నందుకొనెను. కొన్ని పనులలో గౌరవమనగా ఆ పనిని మనిషి చేతినుండి తప్పించుటయే.

ఇక మన యింటిలోపలికి వత్తము. క్రాఫర్డ్ గ్రంథమున స్త్రీలు దాదాపుగ కానరారు. కాని ఆయన చెప్పిన లక్షణములన్నియు గల చేతిపని ప్రతి యింట ఒకటి జరుగుచునే యున్నది. పప్పు ఉడికినదో లేదో మెతుకు పట్టి చూడవలెను; వాక్చాతుర్యముతో ఉడుకదు. ఆవకాయకు ఉప్పు ఎంతయో ఆ యేటి కాయనుబట్టి చేయి నిర్ణయించును. ఫలము కన్నులకే కాదు, నాలుకకును తెలియును. క్రాఫర్డ్ సిద్ధాంతమే పూర్తియైనచో లోకమునందు గృహిణిని మించిన సంతృప్తురాలుండరాదు. అట్లున్నదా యని పురుషులు తమ యింట అడిగి చూచుకొందురుగాక. ఆ పనికి జీతము లేదు, సెలవు లేదు, మానుకొను స్వేచ్ఛ లేదు. తప్పు జరిగిననాడు తప్ప దానిని పనియని గుర్తించువాడు లేడు. మానుకొనరాని పనిలో నైపుణ్యమెంతయున్నను, తృప్తి సగమై నిలుచును.

మా తప్పొకటి చెప్పుకొని ఈ విమర్శను ముగింతుము.

ఈ గ్రంథము చదువుచున్న దినములలోనే మా యింటి నీటిమోటారు చెడినది. బాగుచేయుటకు వచ్చిన పనివాడు మాకంటె పెద్దవాడు. మోటారు త్రిప్పించి, స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, ఒక నిమిషము కన్నులు మూసికొని విని, "బేరింగు పోయిందండి, తీగచుట్టు బాగానే ఉంది" అనెను. విప్పి చూడగా ఆయన చెప్పినదే నిజము. గంటన్నరలో మేడమీద తొట్టిలోనికి నీరు దూకెను. ఆ చప్పుడు విని ఆయన మొగమున వెలిగిన చిరునవ్వు క్రాఫర్డ్ గ్రంథమునకు మంచి ముఖచిత్రము కాదగినది. మేమా యానందమున, "మీ అబ్బాయికి కూడా ఈ పని నేర్పిస్తున్నావా?" అని యడిగితిమి.

"లేదండి, కంప్యూటరుకి పంపుతున్నాను."

"ఏం, ఈ పనిలో తృప్తి లేదా?"

ఆయన చేతులు తుడుచుకొనుచు, "పని మంచిదేనండి. పిలిచే పిలుపే బాగుండదు" అనెను.

అప్పుడుగాని మాకు తెలియరాలేదు. వచ్చినది మొదలు ఆయన మమ్ము "అండి" అనుచునే యున్నాడు. మేము "నువ్వు" అనుచునే యున్నాము. ఆ యుదయముననే బ్యాంకునుండి ఏదో సంతకమునకై వచ్చిన ఇరువదియైదేండ్ల గుమాస్తాను "రండి, కూర్చోండి" అని కుర్చీ చూపి, పింగాణికప్పులో కాఫీ యిచ్చితిమి. ఈయనకు గుమ్మము బయట గాజుగ్లాసులో టీ పంపితిమి. ఆ పూట చేతిపని గౌరవమును గూర్చిన అధ్యాయమునకు గుర్తుగ పెట్టిన కాగితము మా బల్లమీది పుస్తకమున అట్లే యుండెను.

కాబట్టి మేము చెప్పదలచినది ఇది. పనియందలి తృప్తికి ఫలము కనబడుట, వివేకమునకు చోటుండుట, రాకపోకలకు స్వేచ్ఛ యుండుట అను మూడును కావలెను. నాలుగవది పనివాని చేతిలో లేదు. అది పని చేయించుకొనువాని నాలుకమీద నున్నది. క్రాఫర్డ్ గ్రంథము మొదటి రెంటిని గూర్చి మేము చదివినవానిలో చక్కనిది, చదువదగినది. మూడవదానిని గూర్చి అది మౌనము. నాలుగవదానిని గూర్చి తెలుగువారికి చెప్పుటకు అమెరికానుండి ఎవరును రానక్కరలేదు. "కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు" అను మన సామెతకు కొట్టుటకు గుదియయే కావలెననలేదు. "ఒరేయ్" అను ఒక్క పిలుపు చాలును.

మా మిత్రుని కుమారునకు మేమేమి చెప్పితిమని చదువరులు అడుగవచ్చును. నేర్చుకొమ్మనియే చెప్పితిమి, కాని ఒక యేడు ఏ మేస్త్రి వద్దనైన శిష్యుడై, ఆయనను గారు అని పిలుచుచు, దూలము మోయుటతో మొదలుపెట్టుమనియు, తిరిగి వచ్చుటకు తనకున్న దారి తన ప్రక్కన పనిచేయువానికి లేదను సంగతి మరువవలదనియు చెప్పితిమి. తండ్రికి చెప్పినది వేరు: "మీ వాడు వడ్రంగి యైననాడు మీరు వానిని మీ కొడుకని పదిమందిలో చెప్పుకొందురా? చెప్పుకొందురేని నేడే మీ యింటికి వచ్చు వడ్రంగిని కుర్చీలో కూర్చుండబెట్టుడు." ఆయన బదులు చెప్పలేదు.

మోటారు పనివాని కుమారుడు కంప్యూటరు నేర్చుకొనుచున్నాడు. వాడును తప్పక పోవలసినదే. ఒకడు కుర్చీనుండి ఉలివైపును, ఒకడు స్క్రూడ్రైవరునుండి కుర్చీవైపును నడచుచున్న ఈ త్రోవలో ఇద్దరును ఎదురుపడినప్పుడు ఒకరినొకరు "మీరు" అనుకొందురా? ఆ అలవాటు వారికి మన యిండ్ల గుమ్మములవద్దనే రావలెను. వచ్చే నెల మా మోటారు మరల పరీక్షింపవలసి యున్నది. కుర్చీ వేసి యుంచితిమి.